మచ్చకు సాక్షి వేడి వాయువు

గెలాక్సీ సమూహంలో గెలాక్సీలది చాలా చిన్న వాటా. కోనసీమలో మా డిగ్రీ కళాశాల తరగతిలో ఈ మాట చెప్పినప్పుడల్లా విద్యార్థులు నేనేదో చమత్కారానికి అంటున్నానని అనుకుంటారు గాని, లెక్క తీస్తే అదే తేలుతుంది. వందల నుంచి వేల గెలాక్సీలు ఒకే గురుత్వాకర్షణకు లోబడి తిరుగుతున్న చోట, మొత్తం ద్రవ్యరాశిలో నక్షత్రాల రూపంలో ఉన్నది కొద్ది శాతం మాత్రమే. గెలాక్సీల మధ్య ఖాళీ అని మనం అనుకునే చోటంతా నిండి ఉన్న వాయువు అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. మిగిలిన 80 శాతానికి పైబడిన భాగం కంటికి గాని, ఏ పరికరానికి గాని నేరుగా చిక్కని కృష్ణ పదార్థం. ఛాయాచిత్రంలో మనకు కనిపించేది ఆ కొద్ది శాతమే. కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వెయ్యి కోట్ల కాంతి సంవత్సరాల దూరానికి వెతుకులాట విస్తరించినప్పుడు, ఆ కొద్ది శాతాన్ని మాత్రమే నమ్ముకోవడం ఎంత ప్రమాదమో, వాయువు ఇచ్చే ఎక్స్-కిరణాల సాక్ష్యం ఎందుకు అవసరమో ఈ వ్యాసంలో రాయాలనుకుంటున్నాను.

మొదట ఈ సమూహాలను గుర్తించింది కంటి లెక్కతోనే. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా సమూహంలోని గెలాక్సీల వేగాలను పరిశీలించి, కనిపించే పదార్థపు ఆకర్షణ ఒక్కటే ఉంటే ఇంత వేగంతో తిరిగే గెలాక్సీలు ఏనాడో చెదిరిపోయి ఉండాలని తేల్చాడు. 1958లో జార్జ్ ఏబెల్ పాలోమార్ వేధశాల తీసిన ఆకాశపు ఫోటో పలకలను భూతద్దంతో పరిశీలించి, గెలాక్సీలు దట్టంగా గుమిగూడిన 2,712 చోట్లను పట్టికగా ప్రచురించాడు. ఆ పట్టిక ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒక మనిషి ఓపికతో చేసిన పనుల్లో అంత ఎక్కువ కాలం నిలిచినవి ఖగోళశాస్త్రంలో తక్కువే. అయితే ఏబెల్‌కు అందని విషయం లోతు. కోటిపల్లి రేవు దగ్గర ఏటిగట్టు ఎక్కి గౌతమి దిగువకు చూస్తే, దగ్గరి లంకలోని కొబ్బరిచెట్లు, వెనకున్న లంకలోవి, ఆవలి ఒడ్డువి అన్నీ కలిసి ఒకే దట్టమైన తోటలాగా కనిపిస్తాయి; పడవ మీద వెళితే తప్ప వాటి మధ్య రెండు పాయలు పారుతున్నాయని తెలియదు. ఆకాశంలో పడవ లేదు. ఒకే దిశలో ఉన్న గెలాక్సీలు ఒకే చోట ఉన్నాయని నమ్మడానికి ఒక్కొక్కదాని వర్ణపటం తీసి దూరం కొలవాలి, మసక గెలాక్సీలకు ఆ పని పెద్ద టెలిస్కోపుల మీద కూడా గంటల తరబడి పడుతుంది.

వాయువు ఈ చిక్కును వేరే దారిలో విప్పుతుంది. సూర్యుడికి వంద లక్షల కోట్ల రెట్ల నుంచి వెయ్యి లక్షల కోట్ల రెట్ల వరకూ ద్రవ్యరాశి ఒక చోట పోగుపడితే, దాని గురుత్వాకర్షణలోకి జారిపడే వాయువు ఆఘాతాలకు (షాక్ తరంగాలకు) లోనై ఒకటి నుంచి పది కోట్ల డిగ్రీల వరకూ వేడెక్కుతుంది. అంత వేడిలో పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి స్వేచ్ఛగా తిరుగుతూ, కేంద్రకాల పక్కగా పోతున్నప్పుడు దారి మళ్ళి, ఆ మళ్ళింపులో పోగొట్టుకున్న శక్తిని ఎక్స్-కిరణాలుగా వెలువరిస్తాయి. ఈ ప్రక్రియలో ఒక కణం మరొక కణాన్ని కలవాలి గనుక వెలుగు సాంద్రత మీద కాక సాంద్రత వర్గం మీద ఆధారపడుతుంది: సాంద్రత రెట్టింపయితే వెలుగు నాలుగు రెట్లవుతుంది. వేర్వేరు దూరాల్లో పల్చగా చెదిరి ఉన్న చిన్న గుంపులు ఒకే దిశలో వరుసగా పడినంత మాత్రాన ఎక్స్-కిరణాల్లో వెలిగే మచ్చ తయారు కాదు. నిజంగా ఒక లోతైన గురుత్వ గుంట ఉండి, అందులో వాయువు చిక్కుకుని దట్టపడితేనే అది వెలుగుతుంది. ఇక్కడ దట్టపడడం అంటే మన లెక్కలో శూన్యం కంటే శూన్యం. ఒక ఘనమీటరులో వేల కణాలుంటే ఎక్కువ. సమూహపు నడిబొడ్డును మినహాయిస్తే ఆ వాయువు చల్లారడానికి విశ్వం ఇప్పటి వరకూ బతికిన 1,380 కోట్ల సంవత్సరాలు కూడా చాలవు. అందువల్ల ఒకసారి ఏర్పడిన సమూహం ఎక్స్-కిరణాల్లో ఆరిపోకుండా ఉంటుంది.

ఈ కిరణాలను నేల మీద నుంచి చూడడం సాధ్యం కాదు. డెల్టాలో ఆకాశం గురించి మా ఊళ్ళో ఖగోళాసక్తి ఉన్నవారందరూ ఫిర్యాదు చేస్తారు: సముద్రపు తేమ, రొయ్యల చెరువుల గట్ల మీద రాత్రంతా వెలిగే దీపాలు, నాలుగు నెలల మబ్బు. ఈ ఒక్క శాస్త్రం విషయంలో మాత్రం అమలాపురం మేడకూ, హవాయి పర్వత శిఖరానికీ తేడా లేదు. గాలి పొర రెండు చోట్లా ఎక్స్-కిరణాలను పూర్తిగా మింగేస్తుంది. హైదరాబాద్‌లో టాటా మౌలిక పరిశోధన సంస్థ నడిపే బెలూన్ కేంద్రం నుంచి దశాబ్దాలుగా ఎక్స్-కిరణ పరికరాలను నలభై కిలోమీటర్ల ఎత్తు దాకా పంపారు. కానీ అంత ఎత్తున మిగిలిన పల్చని గాలి కూడా ఎక్కువ శక్తి గల కిరణాలనే రానిస్తుంది గాని, గెలాక్సీ సమూహాలు ప్రధానంగా వెలువరించే తక్కువ శక్తి కిరణాలను ఆపేస్తుంది. వాటి కోసం రాకెట్టు ఎక్కక తప్పదు.

1962 జూన్ 18న రికార్డో జియాకోనీ బృందం అమెరికాలోని వైట్ శాండ్స్ నుంచి పంపిన చిన్న రాకెట్టు, గాలి పొరకు పైన కొద్ది నిమిషాలు మాత్రమే ఉండి, సౌరకుటుంబం బయటి తొలి ఎక్స్-కిరణ మూలాన్ని వృశ్చిక మండలంలో కనిపెట్టింది. జియాకోనీకి 2002లో నోబెల్ బహుమతి వచ్చింది. 1970 డిసెంబరు 12న, కెన్యా స్వాతంత్ర్య దినాన, ఆ దేశపు తీరంలోని సముద్ర వేదిక నుంచి ఎగిరిన ఉహురు ఉపగ్రహం ఆకాశమంతా జల్లెడ పట్టి 339 మూలాలను నమోదు చేసింది. వాటిలో కొన్ని కోమా, పర్సియస్, కన్య సమూహాల దిశలో ఉండడమే కాదు, నక్షత్రాల మాదిరి చుక్కలుగా కాక విశాలంగా పరుచుకుని ఉన్నాయని తేలింది. అది గెలాక్సీల మధ్యనున్న వేడి వాయువేనా, లేక మరేదైనా ప్రక్రియా అన్న వాదం కొన్నాళ్ళు నడిచింది. 1976లో బ్రిటన్ ఉపగ్రహం ఏరియల్-5 పర్సియస్ సమూహపు వర్ణపటంలో ఇనుము రేఖను పట్టుకోవడంతో ఆ వాదం తీరింది. అది కోట్ల డిగ్రీల వాయువులో, చాలా ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుము మాత్రమే ఇవ్వగల రేఖ. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం అదే. ఇనుము నక్షత్రాల్లో తయారయ్యేది గనుక, గెలాక్సీలలో పేలిపోయిన నక్షత్రాల పదార్థం బయటి వాయువులో కలిసిందన్న సంగతి కూడా అదే రేఖతో రుజువైంది. సూర్యుడిలో ఉన్న ఇనుము పాళ్ళలో సుమారు మూడో వంతు ఆ వాయువులో ఉంటుంది.

దూరపు సమూహాలను వెతకడానికి కావలసింది పదునైన చూపు. ఎక్స్-కిరణాలు మామూలు అద్దం మీద నిటారుగా పడితే లోపలికి చొచ్చుకుపోతాయి; అద్దాన్ని దాదాపు రాసుకుంటూ పోయే కోణంలో పడితేనే పరావర్తనం చెందుతాయి. కాబట్టి ఎక్స్-కిరణ టెలిస్కోపు అద్దాలు ఒకదానిలో ఒకటి ఇమిడిన గొట్టాల రూపంలో ఉంటాయి. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టిన చంద్ర వేధశాల 1999 జులైలో వెళ్ళింది. దానిలో నాలుగు జతల గొట్టపు అద్దాలు, చాలా నున్నగా సాన పట్టినవి, అర ఆర్క్‌సెకను సూక్ష్మతతో (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) చూడగలవు. అదే ఏడాది డిసెంబరులో ఐరోపా పంపిన ఎక్స్‌ఎమ్‌ఎమ్-న్యూటన్‌లో మూడు టెలిస్కోపులు, ఒక్కొక్క దానిలో 58 అద్దాలు ఉన్నాయి. చూపు చంద్ర అంత పదునైనది కాకపోయినా కాంతిని పోగుచేసే శక్తి ఎక్కువ. దూరపు సమూహాల అన్వేషణలో ఈ రెండూ ఒకదాని లోటు మరొకటి తీరుస్తూ వచ్చాయి.

చుక్కా, మచ్చా అన్న తేడా దగ్గరే అసలు పని మొదలవుతుంది. ఎక్స్-కిరణ చిత్రంలో కనిపించే మూలాల్లో అత్యధిక భాగం దూరపు గెలాక్సీల నడుమ పదార్థాన్ని మింగుతున్న కృష్ణబిలాలు, అవి చుక్కలు. గెలాక్సీ సమూహం ఎంత దూరాన ఉన్నా కొంత వెడల్పు ఉంటుంది, గనుక అది మచ్చ. విశ్వవ్యాకోచ జ్యామితిలోని ఒక విచిత్రం ఇక్కడ మనకు కలిసివస్తుంది: ఒక హద్దు దాటాక, వస్తువు ఇంకా దూరం వెళ్ళినా దాని కోణీయ పరిమాణం తగ్గదు. తగ్గేది వెలుగు. విశ్వవ్యాకోచం వల్ల దూరపు కాంతి తరంగాలు సాగి ఎరుపు వైపు ఎంత జరిగాయో చెప్పే కొలతను రెడ్‌షిఫ్ట్ అంటారు; దూరం పెరిగే కొద్దీ అది పెరుగుతుంది. మచ్చ ఉపరితల కాంతి ఒకటి కలిపిన రెడ్‌షిఫ్ట్ నాలుగో ఘాతం చొప్పున పడిపోతుంది, రెడ్‌షిఫ్ట్ 1.5 దగ్గర అది దాదాపు 39 రెట్లు, 2.5 దగ్గర 150 రెట్లు మసకబారుతుంది.

2005లో ప్రకటించిన ఎక్స్‌ఎమ్‌ఎమ్‌యూ జె2235.3-2557 ఉదంతం చూస్తే ఈ పని ఎంత సన్నని ఆధారం మీద నడుస్తుందో అర్థమవుతుంది. ఎక్స్‌ఎమ్‌ఎమ్-న్యూటన్ ఎన్‌జీసీ 7314 అనే దగ్గరి గెలాక్సీని చూస్తున్నప్పుడు ఆ చట్రం పక్కగా ఒక మచ్చ పడింది. దాన్ని వెతకడానికి ఎవరూ టెలిస్కోపును అటు తిప్పలేదు. సుమారు పన్నెండు గంటల పరిశీలనలో ఆ మచ్చ నుంచి చేరిన ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, మూడు వందల లోపే. పాత పరిశీలనల భాండాగారంలో ఇటువంటి మచ్చల కోసం వెతుకుతున్న బృందం దాన్ని గుర్తించి, చిలీలోని భారీ టెలిస్కోపు వీఎల్‌టీతో ఆ చోటును చూస్తే ఎర్రని గెలాక్సీలు గుమిగూడి కనిపించాయి. డజను గెలాక్సీల వర్ణపటాలు ఒకే రెడ్‌షిఫ్ట్ 1.39ని ఇచ్చాయి, అంటే ఆ కాంతి బయలుదేరి సుమారు 900 కోట్ల సంవత్సరాలైంది. ఆ దిశను మనం కూడా చూడవచ్చు. కార్తీక మాసంలో రాత్రి ఎనిమిది గంటల వేళ, గోదావరిలో దీపాలు వదిలే సమయానికి, దక్షిణాకాశంలో ఒంటరిగా ప్రకాశించే ఫోమల్‌హాట్ నక్షత్రం ఉన్న దక్షిణ మీన మండలంలోనే ఆ సమూహం ఉంది. కంటికి కనిపించేది ఫోమల్‌హాట్ ఒక్కటే అనుకోండి.

దీనికంటే చిక్కైనదీ, నా దృష్టిలో ఎక్కువ నేర్పేదీ జేకేసీఎస్ 041 కథ. తిమింగల మండలంలోని ఈ గుంపును మొదట 2006లో పరారుణ సర్వేలో, ఒకే రంగున్న గెలాక్సీల పోగుగా గుర్తించారు. రంగు ఒక అంచనా మాత్రమే. అది ఒకే తోటా, వెనక వెనక ఉన్న లంకలా అన్నది రంగు చెప్పలేదు. చంద్ర వేధశాల ఆ చోటును 75 వేల సెకన్లు చూసి అక్కడ విశాలంగా పరుచుకున్న వేడి వాయువును పట్టుకున్నాక, 2009లో స్టెఫానో ఆండ్రియాన్ బృందం రెడ్‌షిఫ్ట్ సుమారు 1.9 అనీ, దూరం 1,020 కోట్ల కాంతి సంవత్సరాలనీ ప్రకటించింది. మరుసటి ఏడాదే వేరొక బృందం తమ వర్ణపటాలను చూపి, అక్కడ వేర్వేరు దూరాల్లోని చిన్న గుంపులు ఒకదాని వెనక ఒకటి పడి ఉండవచ్చని సందేహం లేవనెత్తింది. వాయువు ఉందన్న మాటను ఆ సందేహం తుడిచిపెట్టలేదు గాని, ఆ వాయువు ఎంత దూరాన ఉందన్నది మళ్ళీ ప్రశ్నగా మారింది. చివరకు హబుల్ టెలిస్కోపు పరారుణ వర్ణపటాలు తీసి 19 సభ్య గెలాక్సీలను రెడ్‌షిఫ్ట్ 1.80 దగ్గర నిర్ధారించింది. సమూహం నిజమే, దూరం మొదట చెప్పినదానికంటే కొంచెం తక్కువ.

ఈ ఉదంతంలో ఎవరు గెలిచారని అడిగిన విద్యార్థులున్నారు. నాకు అలా అనిపించదు. ఎక్స్-కిరణాలు "ఇక్కడ ఒక గుంట ఉంది" అని చెప్పగలిగాయి; "ఎంత దూరాన" అన్నది అంత మసక మచ్చలో అవి చెప్పలేవు. దగ్గరి సమూహాల్లో ఇనుము రేఖ స్థానం నుంచే రెడ్‌షిఫ్ట్ కొలవవచ్చు. కొన్ని వందల ఫోటాన్లతో ఆ రేఖ తేలదు. వర్ణపటాలు దూరం చెప్పగలవు, కాని పది గెలాక్సీలు ఒకే దూరాన ఉన్నంత మాత్రాన అవి ఒకే గుంటలో స్థిరపడ్డాయని హామీ లేదు. పొడవాటి దారం లాంటి నిర్మాణం వెంట జారుతూ ఉండవచ్చు. రెండూ కావాలి. పత్రికలు మాత్రం "అత్యంత దూరపు సమూహం" అన్న రికార్డును పట్టుకుని శీర్షిక పెట్టి వదిలేస్తాయి, ఆ రికార్డు రెండేళ్ళలో ఎలాగూ పోతుంది.

2016లో ప్రకటించిన సీఎల్ జె1001+0220తో ఆ రికార్డు రెడ్‌షిఫ్ట్ 2.506కు చేరింది. 1,110 కోట్ల సంవత్సరాల నాటి ఆ సమూహపు నడిబొడ్డున 11 భారీ గెలాక్సీలు ఉండగా, వాటిలో తొమ్మిది నక్షత్రాలను ఉధృతంగా పుట్టిస్తున్నాయి. ఏడాదికి మూడు వేల సూర్యులకు పైబడిన రేటు అది. దగ్గరి సమూహాల నడుమ ఉండే గెలాక్సీలు ముసలివి, ఎర్రనివి, కొత్త నక్షత్రాలు దాదాపు పుట్టనివి. చంద్ర ఇక్కడ వేడి వాయువును చూపకపోయి ఉంటే దీన్ని ఇంకా ఏర్పడుతున్న ఆదిమ గుంపుగానే లెక్కగట్టేవారు. వాయువు ఉంది గనుక, సమూహం స్థిరపడుతున్న వేళనే, గెలాక్సీలు ఇంకా ఆరకముందే, మనకు చిక్కిందని వాదించగలిగారు.

మచ్చ కూడా మోసం చేయగలదన్న సంగతి దాచకూడదు. రేడియో గెలాక్సీల నుంచి చిమ్మే ఎలక్ట్రాన్ ధారలు మహావిస్ఫోటనం మిగిల్చిన, విశ్వమంతా నిండిన మైక్రోతరంగ నేపథ్య వికిరణాన్ని ఢీకొని దాన్ని ఎక్స్-కిరణాల స్థాయికి ఎత్తుతాయి. పూర్వ విశ్వంలో ఆ నేపథ్యం దట్టంగా ఉండేది గనుక దూరం వెళ్ళే కొద్దీ ఈ మెరుపు వేడి వాయువులాగా భ్రమ కలిగిస్తుంది. 3సీ 294 అనే రేడియో గెలాక్సీ చుట్టూ చంద్ర చూసిన విశాలమైన వెలుగును మొదట సమూహపు వాయువుగా భావించి, ఇంకా లోతైన పరిశీలన తరువాత అది ఈ రెండో రకం వెలుగేనని నిర్ధారించుకున్నారు. మరొక పక్క అదే మైక్రోతరంగ నేపథ్యాన్ని ఆధారం చేసుకుని, వేడి వాయువు దానిలో వేసే నీడను వెతికే పద్ధతి ఉంది. సున్యాయెవ్, జెల్డోవిచ్ సూచించిన ఆ ప్రభావం దూరంతో మసకబారదు. దక్షిణ ధ్రువ టెలిస్కోపు, చిలీలోని అటకామా టెలిస్కోపు ఆ దారిలో ఎన్నో సమూహాలను పట్టుకున్నాయి. అయినా దొరికిన దాని ఉష్ణోగ్రతనూ, ఆకారాన్నీ చూడాలంటే మళ్ళీ ఎక్స్-కిరణాల దగ్గరికే వస్తున్నారు.

ఇంత శ్రమ లెక్క కోసం. ఏ కాలంలో ఎంత ద్రవ్యరాశి గల సమూహాలు ఎన్ని ఉన్నాయన్నది విశ్వంలో పదార్థపు పాళ్ళ మీద, అది పోగుపడే వేగం మీద ఆధారపడుతుంది. అనుకున్న కాలానికి ముందే మరీ బరువైన సమూహాలు ఎక్కువగా కనిపిస్తే సిద్ధాంతానికి ఇబ్బంది. 2019 జులైలో బైకనూర్ నుంచి వెళ్ళిన ఇరోజిటా టెలిస్కోపు ఇందుకోసమే ఆకాశమంతా తుడిచింది. 2022 ఫిబ్రవరి నుంచి దాన్ని ఆపి ఉంచారు. అయినా 2024 జనవరి 31న విడుదలైన మొదటి సర్వే, సగం ఆకాశానికి సంబంధించినది, సుమారు 9 లక్షల ఎక్స్-కిరణ మూలాలను ఇచ్చింది; వాటిలో 12,247 గెలాక్సీ సమూహాలు. వాటిలో ఐదు వేల పైచిలుకును వడగట్టి వేసిన లెక్క, మైక్రోతరంగ నేపథ్యం నుంచి వచ్చిన విశ్వ చిత్రంతో సరిపోయింది.

మన ఆస్ట్రోశాట్ 2015లో శ్రీహరికోట నుంచి వెళ్ళింది, దానిలో ఎక్స్-కిరణ టెలిస్కోపు కూడా ఉంది గాని, దాని చూపు పదును దూరపు మచ్చలను చుక్కల నుంచి విడదీసే పనికి ఉద్దేశించినది కాదు. మా విద్యార్థులు వాడేది చంద్ర, ఎక్స్‌ఎమ్‌ఎమ్-న్యూటన్ బహిరంగ భాండాగారాలనే. కళాశాల ప్రయోగశాలలోని పాత కంప్యూటర్లకూ ఆ చిత్రాలు తెరవడం కష్టం కాదు. మచ్చ చుట్టూ ఒక వలయం గీసి లోపలి ఫోటాన్లను, పక్కన ఖాళీ చోట అంతే వలయంలోని నేపథ్య ఫోటాన్లను లెక్కించి, తేడా యాదృచ్ఛికం కాదని చూడడం మొదటి మెట్టు. ఆ తరువాత అదే చోట దృశ్యకాంతి ఛాయాచిత్రాన్ని పక్కన పెట్టి పోల్చమంటాను. మొన్న ఒక అమ్మాయి "ఇక్కడ గెలాక్సీలేవీ లేవండి మాస్టారూ, తప్పు చోటు తీశానేమో" అని కంగారుపడింది. ఎక్స్-కిరణాల్లో వెడల్పైన మచ్చ ఉండి, పాత ఫోటో పలకల మీద ఆ చోటు ఖాళీగా కనిపిస్తే, ఆ గెలాక్సీల కాంతి రెడ్‌షిఫ్ట్ వల్ల పరారుణానికి జరిగిపోయి ఉండవచ్చు. దూరపు సమూహాలను వెతికే బృందాలు తమ వేల మచ్చల్లోంచి ముందుగా ఏరుకునేది అటువంటి ఖాళీ చోట్లనే. ఆ అమ్మాయి తీసిన చోటు సరైనదే; అది ఇప్పటికే పట్టికలకెక్కిన, రెడ్‌షిఫ్ట్ ఒకటి దాటిన సమూహం. ఆ చోటుకు పరారుణ చిత్రం ఎక్కడ దొరుకుతుందో మా విద్యార్థులు ఇప్పుడు వెతుకుతున్నారు.